పదకొండు చిల్లుల మూత

చెప్పాల్సిన చోట నేనొక మాట చెప్పలేదు. దాని బదులు ఇంకో మాట చెప్పాను. వంటింటి సామాను, హోటల్ సామాను డిజైన్ చేసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా గడిపి, ఈ మధ్యే ఉద్యోగం వదిలేశాను. వీడ్కోలు సభలో నా మొదటి డిజైన్ గురించి మాట్లాడమన్నారు. ఉప్పు, మిరియాల డబ్బాల జత అది. "మొదట్లో చిన్న పొరపాటు జరిగింది" అని నవ్వుతూ చెప్పాను. వాళ్లూ నవ్వారు. ఆ పొరపాటు ఎవరిదో చెప్పలేదు. అలా దాచడం నాకు అదే మొదటిసారి కాదు. మొదటిసారి దాచినప్పుడు, దానివల్ల దెబ్బ తినబోయే మనిషి నా ఎదురుగానే ఉన్నాడు. నా మొహంలోకి చూసి సూటిగా అడిగాడు కూడా.

ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు ఇది చదివితే మంచిదని రాస్తున్నాను. నా గొప్పలు మీరు ఇప్పటికే ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.

అవి అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులు. బస్సు దిగి పది అడుగులు వేసేలోపు చేతిలో పది పాంప్లెట్లు పెట్టేవాళ్లు. మెకానికల్ డిప్లొమా చేసి గోదావరి జిల్లా నుంచి వచ్చి, మధురానగర్‌లో ఒక హాస్టల్లో చేరాను. గదికి నలుగురం. మిగతా ముగ్గురూ జావా నేర్చుకుంటుంటే నేను కంప్యూటర్ మీద యంత్రభాగాల బొమ్మలు గీసే కోర్సులో చేరాను. "అందరూ ప్రోగ్రాములు రాస్తుంటే నువ్వు బోల్టులు గీస్తావేంట్రా?" అనేవాళ్లు. కోర్సు అయ్యాక నాకొచ్చిన ఉద్యోగం చూసి ఇంకా నవ్వారు. బోల్టులు కూడా కాదు, ఉప్పు డబ్బాలు.

పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీద హోటళ్లకు స్టీలు సామాను అమ్మే దుకాణం అది. ట్రేలు, జగ్గులు, సూప్ గిన్నెలు, ఫోర్కులు. ఊళ్లో కొత్త హోటళ్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాంటీన్లు వరసగా తెరుస్తున్నారు కాబట్టి గిరాకీ బాగుండేది. మా యజమాని కోస్తా మనిషి, మంచివాడు. ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ఉప్పు, మిరియాల డబ్బాల జతలు ఎక్కడ కనిపించినా కొని అద్దాల బీరువాలో పెట్టేవాడు. పింగాణీ కోడి, పుంజు, టోపీ పెట్టుకున్న వంటవాడు, ఆయన భార్య, రెండు బూట్లు, రెండు గుడ్లగూబలు. "చూడవోయ్, చిటికెడు ఉప్పుకి ఎన్ని వేషాలేశారో!" అని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు.

దుకాణానికి పది నిమిషాల నడకలో, అమీర్‌పేట సందులో మా వర్క్‌షాపు. అక్కడ ఒక లేత్ మిషను, రెండు డ్రిల్లింగ్ మిషన్లు, పాలిష్ చక్రం ఉండేవి. వాటికి పెద్ద ఒక ఉస్తాదు. అందరం చాచా అనే పిలిచేవాళ్లం. సన్నటి మనిషి. ఖాకీ చొక్కా, చెవిలో పెన్సిల్ ముక్క. మాతో తెలుగు మాట్లాడేవాడు, మిషనుతో ఉర్దూ మాట్లాడేవాడు. మిషను మాట వినకపోతే దాన్ని ఆయన తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను.

ఆయన పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఈ కథంతా దాని మీదే నిలబడింది. ఉప్పు డబ్బా మూతలకు చిల్లులు వేసే ముందు, ఆర్డరిచ్చిన హోటల్ నుంచి గుప్పెడు ఉప్పు తెప్పించుకునేవాడు. వాళ్ల వంటింట్లో వాడే ఉప్పే కావాలి. ఒక మూతకు ఒక్క చిల్లు వేసి, డబ్బాలో ఆ ఉప్పు పోసి, నల్లగుడ్డ మీద మూడుసార్లు దులిపేవాడు. పడిన ఉప్పును వేలితో తాకి చూసి, ఇంకో చిల్లు. మళ్లీ దులపడం. మిరియాల పొడికీ అంతే.

"మూడు సార్లు దులిపితే ఒక్క ఆమ్లెట్‌కు సరిపోవాలె. అంతకన్న ఎక్కువ పడితే అది నమక్‌దాన్ కాదు బేటా, నీళ్ల నల్లా," అనేవాడు. బేకరీ వాళ్ల డబ్బాకు మూడు చిల్లులు వేస్తే, క్లబ్బు వాళ్ల డబ్బాకు ఐదు వేసేవాడు. పరీక్ష అయిపోగానే బల్లంతా తడిగుడ్డతో తుడిచి, నూనె రాసి, మిగిలిన ఉప్పును గింజ లేకుండా బయట పారబోసేవాడు. లేత్‌కు ఉప్పంత శత్రువు లేదు.

ఇదంతా నాకు చాదస్తంగా అనిపించేది. తర్వాత చదువుకున్నాక తెలిసింది. పడమటి దేశాల్లో కూడా ఉప్పును శతాబ్దాల పాటు మూత లేని గిన్నెలోనే పెట్టుకున్నారు, చిన్న చెంచాతో తీసుకున్నారు. మనం ఆకులో ఓ మూల వడ్డించుకున్నట్టే. చిల్లుల డబ్బా వాడుకలోకి రావాలంటే ముందు గడ్డకట్టకుండా రాలే ఉప్పు రావాలి. దానికి తేమ పీల్చే పొడి కలపడం వచ్చాకే ఈ డబ్బా ప్రతి బల్ల మీదికీ ఎక్కింది. ఉప్పుకు ఎన్ని చిల్లులు, మిరియాలకు ఎన్ని అన్నదానికి ఈరోజుకీ ప్రపంచంలో ఒకే నియమం లేదు. చిల్లు ఎంత ఉండాలో ఉప్పే చెబుతుంది. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది ఆయన నల్లగుడ్డ మీద చూసి తెలుసుకున్నాడు.

నేను చేరిన రెండో ఏడాది వానాకాలంలో పెద్ద ఆర్డరు వచ్చింది. బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్త భవనం కట్టి, పై అంతస్తులో క్యాంటీన్ తెరుస్తోంది. మూడు వందల జతలు కావాలన్నారు. యజమాని నన్ను పిలిచి, "ఇది నువ్వు గియ్యి. కంప్యూటర్ కుర్రాడివి, వాళ్ల భాష నీకు తెలుస్తుంది," అన్నాడు.

ఆ కంపెనీ గుర్తు పదకొండు చుక్కలతో ఏర్పడిన రెక్క. అది చూడగానే నాకు ఆలోచన వచ్చింది. మూత మీద చిల్లులనే ఆ రెక్క ఆకారంలో వేస్తే? గుర్తు చెక్కక్కర్లేదు, ముద్రించక్కర్లేదు. చిల్లులే గుర్తు. మూడు రోజులు కూర్చుని గీశాను. చిల్లు చిన్నదైతే రెక్క ఆకారం కంటికి కనిపించడం లేదని కొంచెం పెద్దవి చేశాను. మా యజమాని ఆ బొమ్మ చూసి కుర్చీలోంచి లేచాడు. కంపెనీ అడ్మిన్ ఆఫీసరుకు తెగ నచ్చింది.

చాచాకు నచ్చలేదు. కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"ఏంది బేటా ఇది? నమక్‌దానా, జల్లెడనా?"

"అది వాళ్ల కంపెనీ గుర్తు చాచా."

"గుర్తు గోడకు పెట్టుకోమను. కూరల ఎందుకు?" పక్కన పాలిష్ చేస్తున్నవాళ్లు పగలబడి నవ్వారు. నా మొహం చూసి మెత్తబడ్డాడు. "సరే ఇంజనీర్ సాబ్. ఫికర్ చెయ్యకు. వాళ్ల ఉప్పు తే. ఉప్పు ఒప్పుకుంటే నేను సుత ఒప్పుకుంట."

ఉప్పు తేవడానికే బేగంపేట వెళ్లాను. అద్దాల భవనం, చల్లటి రిసెప్షన్, జేబుకు తగిలించుకోమని ఇచ్చిన విజిటర్ కార్డు. అడ్మిన్ ఆఫీసరు టై కట్టుకుని, ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడుతూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నా వయసువాళ్లే చేతిలో కాఫీ కప్పులతో అటూ ఇటూ తిరుగుతున్నారు. వాళ్లలో ఒకడు మా హాస్టల్లో పై గదిలో ఉండేవాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. అక్కడ కూర్చుని, "సార్, మీ వంటింట్లోంచి ఒక గుప్పెడు ఉప్పు ఇప్పించండి" అని అడగడానికి నాకు నోరు రాలేదు. డెలివరీ తేదీ మాట్లాడుకుని లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున హాస్టల్ మెస్‌లోకి వెళ్లి, వంటాయన్ని అడిగి గుప్పెడు ఉప్పు తీసుకున్నాను. చేతికి దొరికిన ఏదో కోర్సు పాంప్లెట్‌లో పొట్లం కట్టాను. ఉప్పు ఉప్పే కదా అనుకున్నాను. మా మెస్‌లో ప్యాకెట్ ఉప్పు వాడరని నాకు తెలుసు. ఖర్చు కలిసొస్తుందని వంటాయన రాళ్లుప్పు తెప్పించి రోట్లో దంచి వాడేవాడు. వానాకాలం కావడంతో అది ఇంకా చెమ్మగా, బరకగా ఉంది.

వర్క్‌షాపుకు వెళ్తూ దారిలో దుకాణంలో ఆగాను. అక్కడ కౌంటరు చూసే ఆమెను అక్కా అనేవాళ్లం. నల్గొండ వైపు మనిషి. ఆమె కళ్లు తప్పించుకుని ఏదీ లోపలికి వెళ్లేది కాదు, బయటికి వచ్చేది కాదు.

"ఏంది తమ్మీ, పొట్లం?"

"కంపెనీ వాళ్ల ఉప్పక్కా."

ఆమె పొట్లం మీద అక్షరాలు చదివింది. "నలభై ఐదు రోజులల్ల జావా. మస్తున్నది. అంత పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనోళ్లు ఉప్పును పాంప్లెట్ల కట్టిస్తున్నరా?"

నేను నవ్వేసి వెళ్లిపోయాను.

చాచా నల్లగుడ్డ పరిచాడు. నా బొమ్మ ప్రకారం నమూనా మూతకు పదకొండు చిల్లులూ వేసి, డబ్బాలో హాస్టల్ ఉప్పు పోసి మూడుసార్లు దులిపాడు. చెమ్మ ఉప్పు బద్ధకంగా, నాలుగు గింజలు, ఐదు గింజలుగా రాలింది. ఆయన నమ్మలేక మళ్లీ దులిపాడు. వేలి కొసల మధ్య ఉప్పు నలిపి చూశాడు.

"షాబాష్!" అన్నాడు. "నేనే గలత్. పదకొండు సరిగ్గ సరిపోయినయ్. కంప్యూటర్‌కు సుత ఉప్పు సంగతి తెల్సన్నట్టు!"

నా భుజం మీద కొట్టాడు. పాలిష్ చేసేవాళ్లను పిలిచి చూపించాడు. ఆ క్షణంలో చెప్పి ఉంటే నవ్వులాటగా పోయేది. ఆయన రెండు తిట్లు తిట్టి, "పో, అసలుది తే" అని పంపేవాడు. కానీ నన్ను ఎవరైనా అలా మెచ్చుకుని అప్పటికి చాలా కాలమైంది.

మూడు వందల జతలూ తయారయ్యాయి. రెక్క గుర్తు మూతలు తళతళలాడుతూ బేగంపేట వెళ్లాయి.

క్యాంటీన్ తెరిచిన రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ఆ అడ్మిన్ ఆఫీసరు మా దుకాణానికి వచ్చాడు. వెనకాల డ్రైవరు అట్టపెట్టె మోసుకొచ్చాడు. ఆఫీసరు పెట్టెలోంచి ఖాళీ డబ్బాలు ఒక్కొక్కటీ తీసి కౌంటరు మీద పెట్టాడు. బొంబాయి నుంచి వచ్చిన వాళ్ల పెద్ద సారు ఆమ్లెట్ మీద ఒక్కసారి దులిపితే చెంచాడు ఉప్పు పడిందట. పక్కాయన సూపులో కూడా అంతే. ఎవరో గట్టిగా నవ్వారట.

"ఆయన ఏమన్నారో తెలుసా? 'క్యాంటీన్ ఎంపికే ఇలా ఉంటే ప్రాజెక్టులు ఎలా ఉంటాయో' అన్నారు. నా ముందే!" అన్నాడు ఆఫీసరు. టై కట్టుకున్న ఆ మనిషి కూడా ఎవరికో భయపడే ఉద్యోగే అని నాకు అప్పుడు అర్థమైంది.

యజమాని నా వైపు తిరిగి, "వెళ్లి చాచాని తీసుకురా," అన్నాడు.

వర్క్‌షాపుకు పది నిమిషాలు, తిరిగి రావడానికి పది నిమిషాలు. వచ్చేటప్పుడు చాచా నా పక్కనే నడిచాడు. వాన వెలిసి రోడ్డంతా నీళ్లు. పాంప్లెట్లు బురదలో అతుక్కుపోయి ఉన్నాయి. నీటిగుంటలు దాటేటప్పుడు ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏంది బేటా, గింత చప్పుడు లేకుంట నడుస్తున్నవ్? కంపెనోళ్లు ఇనాం తెచ్చిండ్రా ఏంది?"

"ఏదో చిన్న ఇబ్బంది వచ్చిందట చాచా."

"ఉప్పు పడ్తలేదా?"

"ఎక్కువ పడుతోందట."

ఆయన రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెనక ఆటో హారన్ కొడుతోంది. "ఎక్కువనా? నేను చూసిన గదా!" అన్నాడు. ఆ పది నిమిషాల్లో వంద చోట్ల చెప్పగలిగేవాణ్ణి. చెప్పాలనే అనుకుంటూ నడిచాను. దుకాణం మెట్లు వచ్చేశాయి.

లోపలికి వెళ్లగానే చాచా ఆఫీసరుకు సలాం చేసి, "సాబ్, మీ ఉప్పేమన్న మార్చిండ్రా?" అని అడిగాడు.

"ఉప్పు మార్చడమేంటండీ? మొదట్నుంచీ ఒకటే. అందరూ వాడే ప్యాకెట్ ఉప్పు."

అక్క పక్క కిరాణా షాపు నుంచి ప్యాకెట్ తెచ్చింది. చాచా ఒక డబ్బాలో ఆ ఉప్పు పోసి, తన నల్లగుడ్డ లేదు కాబట్టి కౌంటరు అద్దం మీదే దులిపాడు. ఒక్కసారికే తెల్లటి కుప్ప పడింది. మళ్లీ దులిపాడు. కుప్ప పెరిగింది. ఆ పొడిని వేళ్ల మధ్య నలిపాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బేటా, నువ్వు తెచ్చింది గిదే ఉప్పా?"

చాచా, నేను కాక అక్కడ ఇంకో ముగ్గురున్నారు. కోపంగా ఆఫీసరు, ఆందోళనగా యజమాని, చేతిలో ప్యాకెట్‌తో అక్క. ఆ ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

"అదే చాచా," అన్నాను.

"అప్పుడు జర దొడ్డుగ అనిపించింది నాకు. వేళ్లకు మంచిగ యాదికున్నది."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "వానాకాలం కదా చాచా. చెమ్మ పట్టి మీకలా అనిపించి ఉంటుంది," అన్నాను.

ఆయన మూత విప్పి వెలుతురుకు పట్టుకుని, పదకొండు చిల్లులనూ ఒకటొకటిగా చూశాడు. "అయితే నాకే సమజ్ కాలే," అన్నాడు. నా మాటను ఆయన నమ్మాడు. నా మాట నమ్మడం కోసం తన వేళ్లను నమ్మడం మానేశాడు.

"కళ్లు చూపించుకో చాచా," అన్నాడు యజమాని. ఆ మాట కోపంతో అన్నది కాదు, నిజంగా ఆయన మంచి కోరి అన్నదే. ఉప్పు మూతలన్నీ మళ్లీ చేసి ఇస్తామని ఆఫీసరును పంపించాడు. చాచా వారం రోజుల్లో మూడు వందల మూతలు, నాలుగు చిల్లులతో మామూలు మూతలు, చేసి ఇచ్చాడు. ఆ గొడవ అక్కడితో సద్దుమణిగింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కొత్త ఆకారాలు గీసేటప్పుడు చాచాకు ఇంకాస్త వివరంగా చెప్పమని మాత్రం యజమాని సలహా ఇచ్చాడు.

కానీ చాచా మారిపోయాడు. ఒక చిల్లు వేసి మూడుసార్లు దులిపే మనిషి, పదిసార్లు దులపడం మొదలుపెట్టాడు. వేసిన చిల్లును కాదనుకుని మూత పక్కన పారేసేవాడు. కంటి ఆసుపత్రికి వెళ్లి వచ్చాడు. "కండ్లు మంచిగనే ఉన్నయంటుండు డాక్టర్. అంటే వేళ్లే మొద్దుబారినయన్నట్టు," అన్నాడు. మిషనును తిట్టడం మానేశాడు. అన్నిటికంటే నేను భరించలేనిది ఇంకోటి ఉంది. పరీక్ష చేసినప్పుడల్లా నన్ను పిలిచేవాడు. "బేటా, నీ కండ్లు కొత్తయి. జర నువ్వు చూసి చెప్పు, సరిపోయిందా?" నేను వంగి చూసి, సరిపోయింది అనేవాణ్ణి. అప్పుడే ఆయన తర్వాతి మూత అందుకునేవాడు.

ఆ సందులో ఇంకో నాలుగు వర్క్‌షాపులు ఉండేవి. ఉస్తాదు చెయ్యి పోయిందన్న మాట టీ హోటల్లో తిరగడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఎవరైనా తప్పు పని చేస్తే, "ఏం భాయ్, చాచాతోని చేయించినవా?" అని నవ్వుకునేవాళ్లు. అదే మనుషులు అంతకు ముందు డ్రిల్లు బిట్టుకు సాన పట్టించుకోవడానికి ఆయన దగ్గర వరస కట్టేవాళ్లు.

మూడు నెలల తర్వాత ఒక ఉదయం ఆయన వర్క్‌షాపు తాళాలు తెచ్చి యజమాని బల్ల మీద పెట్టాడు. యజమాని ఉండమని బతిమాలాడు. చిన్న పనులే చెయ్యమన్నాడు, ఊరికే కూర్చుని చెప్పినా చాలన్నాడు.

"వద్దు సేట్. నా చెయ్యి మీద నాకే యకీన్ లేదు. మంది సామాన్ల మీద ఎట్ల పెడత?" అన్నాడు చాచా. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "మంచిగ గీస్తవ్ బేటా. ఇడువకు," అన్నాడు.

ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు. పొమ్మని ఉంటే నాకు ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకునే వీలుండేది.

తర్వాత మా యజమాని రెడీమేడ్ మూతలు తెప్పించడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి నేను పెద్ద కంపెనీలో చేరాను. ఇంటర్వ్యూలో నేను చూపించిన డ్రాయింగుల్లో ఆ రెక్క మూత ఒకటి. ఉద్యోగం దానివల్లే వచ్చిందని తర్వాత మా మేనేజరు చెప్పాడు. అక్కడ కొత్తగా చేరే వాళ్లకు నేనొక పాఠం చెప్పేవాణ్ణి. వాడేవాళ్ల ఇంటి సరుకుతో పరీక్షించకుండా ఏ వస్తువునూ బయటికి పంపొద్దని. నల్లగుడ్డ పరిచి చూపించేవాణ్ణి. అది నా పద్ధతిగా పేరుపడింది. ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి. అందుకని చెప్పలేదు.

చాచాను వెతికే ప్రయత్నం చేశానా అంటే, చేయలేదు. అమీర్‌పేట మీదుగా వందల సార్లు వెళ్లాను. ఆ సందు దగ్గరికి వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు ఫోను చూసుకునేవాణ్ణి.

వీడ్కోలు సభ అయిన రెండు వారాలకు పంజాగుట్ట మెట్రో మెట్ల మీద ఎవరో "తమ్మీ" అని పిలిచారు. అక్క. జుట్టు నెరిసింది, కళ్లు మాత్రం అవే. మెట్ల పక్కకు జరిగి మాట్లాడుకున్నాం. యజమాని పోయారనీ, దుకాణం చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారనీ చెప్పింది.

"చాచా..." అని నేను మొదలుపెట్టాను.

"ఉన్నడు. గా సందు మూల మీద టీ హోటల్ల కూసుంటడు పొద్దుగాల. అల్లుని సైకిల్ దుకాణం చూసుకుంట బతికిండు ఇన్నేండ్లు. మొన్న సుత కలిసిన. 'బేటీ, గంత మంచిగ చూసిన గదా, నా చెయ్యి ఎట్ల తప్పింది' అని మల్ల గదే ముచ్చట." ఆమె నా మొహంలోకి చూసింది. "పాంప్లెట్ల కట్టిన ఉప్పు సంగతి నేను ఎవ్వలకు చెప్పలే తమ్మీ. నువ్వే చెప్తవేమోనని చూసిన. చూసుకుంటనే ఉన్న."

"నీకు తెలుసా అక్కా?"

"పంచాయితైన నాడే తెల్సింది. నీ మొఖం అట్ల ఉండె. నాకు సుత ఉద్యోగం కావాలె గదా, నోరు మూస్కున్న. అయితే నాది సగం తప్పు, నీది సగం అనకు. నాది పావలంత."

ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వెళ్లాను. సందు పైన మెట్రో రైలు వంతెన, దాని నీడలో టీ హోటల్. గోడ పక్క బల్ల దగ్గర చాచా కూర్చుని సాసర్లో టీ పోసుకుంటున్నాడు. చుట్టూ నలుగురైదుగురు ముసలివాళ్లు, ఒకప్పటి వర్క్‌షాపుల మనుషులు. ఇద్దరిని గుర్తుపట్టాను. చాచా నన్ను చూసి రెండు క్షణాలు ఆలోచించాడు.

"అరే, ఇంజనీర్ సాబ్! ఎంత లావైనవ్ రా బేటా! కూసో, కూసో. ఏయ్, ఇంకో చాయ్!"

పక్కన కూర్చున్నాను. ఇల్లు, పిల్లలు, నా బట్టతల, అన్నీ అడిగాడు. ప్రతి జవాబునూ నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఏళ్ల తరబడి లేత్ పక్కన నిలబడ్డ చెవులు. రాత్రంతా నెమ్మదైన మాటలు కూర్చుకుని వచ్చాను. ఆయన చెవి దగ్గరికి వంగి, "చాచా, ఆ బేగంపేట కంపెనీ ఉప్పు గురించి మీకొక మాట చెప్పాలి," అన్నాను.

"ఏంది?"

"ఆ ఉప్పు..." పైన రైలు వెళ్లింది. అది వెళ్లేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టాను. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "జర జోర్‌గ చెప్పు బేటా. గుసగుసలు నాకు ఎక్కయ్."

గొంతు పెంచి చెప్పాను. బేగంపేటలో అడగడానికి సిగ్గుపడ్డానని, హాస్టల్ నుంచి ఉప్పు తెచ్చానని, దుకాణంలో అబద్ధం ఆడానని. ఈసారి ఆయనకు వినిపించింది. సాసరు బల్ల మీద పెట్టేశాడు. కుడిచేతి వేళ్లను బొటనవేలితో మెల్లగా రుద్దుకుంటూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. నన్ను తిట్టలేదు. తిడతాడని, కొడితే ఇంకా మంచిదని అనుకుంటూ వచ్చాను.

"దొడ్డుగనే ఉండె," అన్నాడు చివరికి. నాతో కాదు. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపులో వెనకటి ప్రేమ లేదు.

"మల్లొక్కసారి చెప్పు."

"చాచా..."

"నాకు కాదు. నాకు వినొచ్చింది. వీళ్లకు చెప్పు." చుట్టూ ఉన్నవాళ్ల వైపు చెయ్యి చూపించాడు. "ఇన్నేండ్ల సంది వీళ్లు నా ముంగట్నే నా చెయ్యి పోయిందంటుండ్రు. నేను సుత ఔనంటున్న. కూసొని కాదు. లేసి నిలవడి చెప్పు."

లేచి నిలబడ్డాను. టీ హోటల్లో కప్పుల చప్పుడు ఆగింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన కూడా ఇటు తిరిగాడు. ఏళ్ల తరబడి ఎన్నో సభల్లో మాట్లాడినవాణ్ణి, ఇక్కడ బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది.

"చాచా చెయ్యి ఎప్పుడూ తప్పలేదు," అన్నాను, వీధిలోకి వినిపించేంత గట్టిగా. "ఆయనకు పరీక్షకని నేనిచ్చింది వేరే ఉప్పు. తప్పు ఉప్పిచ్చి, ఆయన అడిగితే అదే ఉప్పని అబద్ధం చెప్పాను. ఆయన వేళ్లు నిజం చెబుతుంటే, కాదని నేనే నమ్మించాను. ఆయన పని పోవడానికి కారణం నేను. ఇన్నేళ్లూ తెలిసి కూడా నోరు విప్పలేదు. చాచా, మీకు నేను చేసింది చాలా పెద్ద అన్యాయం. నన్ను క్షమించండి."